మొత్తాలు చాలవు, పద్దులు చూపించండి!



నెలాఖరున మన చేతికొచ్చే పగారు చీటీలో ఏముంటుంది? హాజరు ఇన్ని రోజులు. ఉత్పత్తి ఇంత. సామర్థ్యం ఇంత శాతం. కోత ఇంత. చేతికి వచ్చేది ఇంత. అయిదు అంకెలు, అయిదూ మొత్తాలే. ఏ రోజు ఏ పద్దు కలిస్తే ఈ మొత్తం వచ్చిందని అడిగితే, “కంప్యూటర్‌లో అంతే వచ్చింది, కంప్యూటర్ అబద్ధం చెప్పదు” అంటారు.

కంప్యూటర్ అబద్ధం చెప్పదు, నిజమే. కానీ తనంతట తాను నిజమూ చెప్పదు. అడిగినవాడికి అడిగినంత చెబుతుంది. యాజమాన్యానికి అడిగే హక్కుంది, మనకు లేదు. తగాదా అంతా ఇక్కడే ఉంది.

షోలాపూర్‌లో, భివండీలో పాత సాంచాల పక్కన రేపియర్, ఎయిర్‌జెట్ మగ్గాలు వచ్చాయి. మిల్లులో ఇలాంటి మగ్గాలను కంప్యూటర్‌కు కలిపితే ప్రతి ఆగుడూ నమోదవుతుంది. ఎన్ని గంటలకు ఆగింది, పడుగు తెగిందా, పేక తెగిందా, ఎన్ని నిమిషాలకు మళ్ళీ నడిచింది, అన్నీ పడతాయి. బీము లేక ఆగడం, జాబర్ కోసం ఆగడం వంటి కారణాలు మాత్రం మనిషే మీట నొక్కి నమోదు చేయాలి. ఎవరు నొక్కారో, ఏమి నొక్కారో మనకు తెలియదు.

ఇలాంటి లక్షల పద్దులను ఎవరూ కూర్చుని చదవలేరు. అందుకని షిఫ్టువారీగా, షెడ్డువారీగా, మగ్గంవారీగా, నెలవారీగా కలిపి మొత్తాలు తయారు చేస్తారు. కంప్యూటర్ వాళ్ళు దీన్ని డేటా క్యూబ్ అంటారు. ఈ తరహా లెక్కకు 1993లో ఈ.ఎఫ్. కాడ్ అనే శాస్త్రవేత్త ఓలాప్ అని పేరు పెట్టాడు. దీని గొప్పతనమంతా ఒక్క సంగతిలో ఉంది. మొత్తం మీద నొక్కితే లోపలికి దిగవచ్చు. నెల నుంచి రోజుకు, రోజు నుంచి షిఫ్టుకు, షిఫ్టు నుంచి మగ్గానికి దిగవచ్చు. దీన్ని డ్రిల్ డౌన్ అంటారు. అక్కడినుంచి క్యూబ్‌ను కూడా దాటి, మొదట రాసిన అసలు పద్దు దగ్గరికే వెళ్ళడం డ్రిల్ త్రూ. ఆ ఏర్పాటు ఉన్నచోట ఆఫీసులో కూర్చున్న మేనేజరు మన షిఫ్టులో ఏ నిమిషాన ఏం జరిగిందో నాలుగు నొక్కుల్లో చూడగలడు. ఆ షిఫ్టు పనిచేసిన మనం చూడలేం!

పూర్వం మెహతాజీ రాసే ఖాతా పుస్తకం న్యాయంగా ఉండేదని నేను అనను. దొంగలెక్కలు అందులోనూ ఉండేవి. కానీ పద్దూ, మొత్తమూ ఒకే కాగితం మీద ఉండేవి. నాలుగు అక్షరాలు వచ్చినవాడు తొంగిచూసి, “మంగళవారం నేను డ్యూటీలో ఉన్నాను, గైర్హాజరు ఎందుకు రాశావు?” అని వేలు పెట్టి అడిగేవాడు. ఇప్పుడు వేలు పెట్టడానికే చోటు లేదు.

మొత్తంలో మోసం ఎలా దాగుతుందో ఒక లెక్క చూద్దాం. షిఫ్టు 8 గంటలు, అంటే 480 నిమిషాలు. మగ్గం 96 నిమిషాలు ఆగిందనుకోండి. 384 నిమిషాలు నడిచింది. సామర్థ్యం 80 శాతం. ప్రోత్సాహకానికి 85 శాతం కావాలంటే ఈ కార్మికుడికి దక్కదు. ఇదే మూడు నెలలు సాగితే “పని చేతగానివాడు” అని మెమో చేతికొస్తుంది.

ఇప్పుడు లోపలికి దిగుదాం. ఆ 96 నిమిషాల్లో 48 నిమిషాలు బీము రాక ఆగింది. 24 నిమిషాలు కరెంటు లేక ఆగింది. పోగులు తెగి ఆగింది 24 నిమిషాలే. బీము తేవడం, కరెంటు ఇవ్వడం ఎవరి బాధ్యత? యాజమాన్యానిది. ఆ 72 నిమిషాలు తీసేస్తే మిగిలేది 408. అందులో 384 నడిచింది. సామర్థ్యం 94 శాతం! అదే మనిషి, అదే మగ్గం, అదే షిఫ్టు. మొత్తం చూస్తే నేరస్థుడు, పద్దులు చూస్తే మంచి పనివాడు. మధ్యలో పోయింది వాడి ప్రోత్సాహకం.

మన ఇళ్ళలో బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ళకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. నాసి అని పక్కకు తీసిన కట్టలు కళ్ళముందు లెక్కపెడితే ఒక మాట, లోపల లెక్కపెట్టి అంకె మాత్రం చెబితే ఇంకో మాట.

చట్టం ఏమంటుంది? 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ కోడ్ మీద మన అభ్యంతరాలు మనకున్నాయి. అయినా అందులో చేతికందే ఆయుధాన్ని వదులుకోవద్దు. 50వ సెక్షన్ ప్రకారం యజమాని రిజిస్టర్లు ఉంచాలి, వేతన చీటీ ఇవ్వాలి. 21వ సెక్షన్ ప్రకారం నష్టం పేరుతో కోత వేసే ముందు కార్మికుడికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఏ తాకాలో, ఏ రోజున, ఏ లోపమో చెప్పకుండా “డ్యామేజీ కోత” అని ఒక్క అంకె వేస్తే దేనికి సంజాయిషీ చెప్పుకోవాలి? 59వ సెక్షన్ ప్రకారం వేతనం తక్కువ ఇచ్చారని దావా పడితే, బాకీ చెల్లించానని నిరూపించుకోవలసింది యజమానే. నిరూపణకు పద్దులు కావాలి, మొత్తాలు చాలవు.

యాజమాన్యాల జవాబులు మనకు తెలిసినవే. “వ్యాపార రహస్యం” అంటారు. మేము గిరాకీదారుల పేర్లు, సరుకు ధరలు అడగడం లేదు. నా మగ్గం, నా షిఫ్టు, నా కోత, ఇవే అడుగుతున్నాం. నా శ్రమ నాకే రహస్యమా? “మీకు అర్థం కాదు” అంటారు. గుడ్డ చూసి అంగుళానికి ఎన్ని పోగులో చెప్పేవాడికి తన షిఫ్టు లెక్క అర్థం కాదా? “ఖర్చవుతుంది” అంటారు. మేనేజరు నొక్కే మీట ముందే ఉంది. దాన్ని కొత్తగా కొననక్కర్లేదు, అనుమతి ఇస్తే చాలు.

ప్రావిడెంట్ ఫండ్‌ను చూడండి. 15,000 పగారు మీద మన వాటా 1,800. యజమాని ఇచ్చే 1,800లో 1,250 పెన్షన్‌కు, 550 ఫండ్‌కు పోతాయి. పాస్‌బుక్కులో ఇవి నెలనెలా విడివిడిగా కనిపిస్తాయి. ఒక్క నెల జమ పడకపోతే వేలు పెట్టి చూపవచ్చు. దేశమంతటి చందాదారులకు సాధ్యమైంది ఒక మిల్లులో సాధ్యం కాదా?

అందుకే మన డిమాండ్లు:

1. పగారు చీటీలోని ప్రతి మొత్తం వెనుక ఉన్న రోజువారీ, షిఫ్టువారీ పద్దులు అడిగిన కార్మికుడికి తెలుగులో గానీ మరాఠీలో గానీ అచ్చువేసి ఇవ్వాలి.

2. మగ్గం ఆగిన కారణం ఎవరు నమోదు చేశారో పద్దులో ఉండాలి. తర్వాత మార్చితే పాత పద్దు చెరపకూడదు, దాని పక్కనే కొత్తది రాయాలి.

3. బీము, కరెంటు, జాబర్ కోసం ఆగిన సమయాన్ని కార్మికుడి సామర్థ్యంలో కలపకూడదు.

4. దావా వేయడానికి చట్టం ఇచ్చిన గడువు మూడేళ్ళు. ఆ మూడేళ్ళూ అసలు పద్దులు భద్రపరచాలి. మొత్తాలు ఉంచుకుని పద్దులు చెరిపేస్తే సాక్ష్యం మాయం చేసినట్టే.

ఇవి వచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చోవద్దు. ప్రతి కార్మికుడూ జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకోవాలి. తేదీ, మగ్గం నంబరు, ఆగిన సమయం, కారణం, మళ్ళీ నడిచిన సమయం, ఈ అయిదూ రాయాలి. రాయడం రానివారికి పక్క సాంచా మీది సోదరుడు రాసిపెట్టాలి. వారానికోసారి యూనియన్ ఆఫీసుకు తెచ్చి చూపించాలి. వాళ్ళ మొత్తానికి మన కోపం జవాబు కాదు, మన పద్దే జవాబు.

చెమట మనది, దాని లెక్క కూడా మనది!

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

— కార్యదర్శి