విరిగిన పంటికి లేపనం లేదు

సంక్రాంతి వెళ్ళిన వారంలో కోనసీమ నుండి ఒక తల్లి తొమ్మిదేళ్ళ కుమారుని వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చింది. అరుగు మీదనుండి పడగా పిల్లవాని ముందుపన్ను సగానికి విరిగింది. "పన్ను మళ్ళీ పెరిగే లేపనమేదైనా ఇప్పించండి బాబుగారూ" అన్నది. "అటువంటిది లేదమ్మా. విరిగిన ముక్క దాచారా?" అని అడిగాను. "పాలపన్ను ఊడితే వేసినట్టే ఇంటికప్పు మీదకు విసిరేశామండీ" అన్నది. ఆ ముక్కే ఉంటే దంతవైద్యుడు దానిని తిరిగి అతికించే అవకాశముండేది.

ఆయుర్వేద వైద్యుడు ఇట్లా అనడం కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చు. కాని గురుకులంలో మేము వల్లెవేసిన సుశ్రుత సంహిత చెప్పినదీ ఇదే. అందులో అస్థులు ఐదు విధాలు. దంతాలకు రుచకాస్థులని పేరు. లేత అస్థులు వంగుతాయనీ, రుచకాలు చిట్లుతాయనీ ఆచార్యుడు వేరుచేసి చెప్పాడు. దంతం భగ్నమయ్యే భంజనక రోగాన్ని అసాధ్యాలలో చేర్చాడు. విరగక కేవలం కదిలిన పన్నుకైతే, యువకులలో దానిని స్వస్థానంలో నొక్కి, చల్లని లేపనం వేసి, కలువతూడుతో పాలు త్రాగించమన్నాడు. పంటిపై బరువు పడరాదని భావం.

చేయి విరిగితే అతుకుతున్నది గదా అని అడుగుతారు. ఎముకలో రక్తప్రసారం, జీవకణాలు ఉన్నాయి. పంటిపై పింగాణి పొరలో జీవకణాలు లేవు. పోయిన పొర తిరిగి రాదు.

ఈ సత్యాన్ని నేను ఒక పొరపాటు చేసి గాని గ్రహించలేదు. వైద్యం ఆరంభించిన తొలి సంవత్సరాలలో, పన్ను విరిగిన ఒక పిల్లవానికి లవంగతైలం రాయించి, త్రిఫలా కషాయంతో పుక్కిలింపజేసి పంపాను. నొప్పి తగ్గింది, నేనూ సంతోషించాను. నొప్పి తగ్గడం వేరు, పన్ను బాగుపడటం వేరు అని నాకు తోచలేదు. ఏడాది తిరిగేసరికి పన్ను నల్లబడి, చీము పట్టి, తీసివేయవలసి వచ్చింది. ఆ పిల్లవాడు నోటికి చేయి అడ్డుపెట్టుకొని నవ్వినప్పుడల్లా నా మనసు చివుక్కుమనేది.

విరుపు లోతును బట్టి చికిత్స మారుతుంది. అంచు మాత్రమే రాలితే నునుపు చేస్తే చాలు. లోపలి పసుపు పొర బయటపడి చల్లనీళ్ళకు జివ్వుమంటుంటే పంటిరంగు కాంపోజిట్‌తో పూరిస్తారు. అది శాశ్వతం కాదు, కొన్నేళ్ళకు తిరిగి చేయించుకోవలసి రావచ్చు. నడుమ ఎర్రని చుక్క గాని, రక్తం గాని కనబడితే పంటి నాడి తెరుచుకున్నదని అర్థం. పెద్దలకు తరచుగా రూట్ కెనాల్ చేసి తొడుగు వేస్తారు. పిల్లలలో వేరు ఇంకా ఎదుగుతుంటుంది గనుక, వెంటనే వెళితే నాడిని బ్రతికించే చికిత్స సాధ్యం. రాజమహేంద్రవరంలోను, భీమవరంలోను దంతవైద్య కళాశాలలే ఉన్నాయి. దూరమనే సాకు మనకు లేదు.

ఇంటివద్ద చేయదగినది కొద్దిపాటే. గోరువెచ్చని నీటితో పుక్కిలించి, బయట వాపుపై చల్లని గుడ్డ వేయండి. ముక్కను పాలలో వేసి తీసుకువెళ్ళండి. కొబ్బరినీళ్ళకు ఆమ్లగుణం ఉన్నది, పాలే మేలు. లవంగనూనె రాయకండి. అది గాయపడిన చిగురును మండిస్తుంది. దాని శేషం ఉంటే కాంపోజిట్ సరిగా గట్టిపడదు. శాశ్వతదంతం మొత్తంగా ఊడివస్తే వేరును తాకక, పైభాగం పట్టుకొని, నీటితో ఒకసారి కడిగి గుంటలోనే నిలపండి; వీలుకాకుంటే పాలలో ఉంచి అరగంటలోగా వైద్యుని చేరండి. పాలపన్నును మాత్రం తిరిగి పెట్టరాదు.

నువ్వులనూనె గండూషం, వేపపుల్ల నోటి శుభ్రతకు మంచివే. ఇటుకపొడి, బొగ్గు పంటిని అరగదీస్తాయి. సోడామూత పళ్ళతో తీయడం, కొబ్బరిపీచు పళ్ళతో పీకడం మానాలి.

ఆ తల్లికి మందు ఇవ్వలేదు. దంతవైద్యునికి చీటీ వ్రాసి ఇచ్చి, ఆ పూటే వెళ్ళమన్నాను. ఔషధం ఎక్కడ పనిచేయదో తెలిసి చెప్పడం కూడా వైద్యుని ధర్మమే. పాఠకులారా, మీ ఇంట పిల్లల పన్ను విరిగితే మా వంటి వారి కోసం వెతుకుతూ కాలం పోగొట్టకండి.