అమ్మవారు కాదు, పిడుదు

జ్వరంతో పాటు ఒంటిమీద ఎర్రటి పొక్కులో మచ్చలో కనబడితే మన ఊళ్లలో చాలా ఇళ్లకు మొదట గుర్తొచ్చేది డాక్టర్ కాదు. గుమ్మానికి వేపమండలు కడతారు. ఇంట్లో తాలింపు మానేస్తారు. మందు వేస్తే అమ్మవారికి కోపం వస్తుందని పెద్దలు హెచ్చరిస్తారు. పదిరోజులు తిరిగేసరికి పిల్లవాడు లేచి ఆడుకుంటాడు. తల్లి చల్లగా చూసిందని వేపనీళ్లు పోస్తారు.

ఆ పిల్లవాడికి వచ్చింది ఆటలమ్మ. చాలామంది పిల్లల్లో అది దానంతటదే తగ్గిపోతుంది. ఆ పదిరోజులూ పిల్లవాణ్ణి గడప దాటనివ్వకపోవడం వల్ల ఇరుగుపొరుగుకు మేలే జరుగుతుంది, అది ఒప్పుకోవాలి. కానీ మందు మాన్పించిన ఆచారం మాత్రం తనది కాని గెలుపును తన ఖాతాలో వేసుకుంది. బతికినవాణ్ణి అమ్మ కాపాడింది, పోయినవాణ్ణి అమ్మ తీసుకుపోయింది. ఏం జరిగినా ఓడిపోని నమ్మకమిది. దీన్ని పరీక్షకు నిలబెట్టేదెలా?

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో బిటర్‌రూట్ లోయ ప్రజలు ఒకప్పుడు అలాంటి పరీక్షను కళ్లారా చూశారు. నదికి పడమటి గట్టున వసంతం రాగానే మచ్చల జ్వరం వచ్చేది, సోకినవారిలో సగానికి పైగా చనిపోయేవారు. కొండల మీది మంచు కరిగిన నీళ్లు తాగడం వల్లే ఇలా అవుతోందని చాలామంది గట్టిగా నమ్మారు. 1906లో హోవర్డ్ రికెట్స్ అనే పరిశోధకుడు జబ్బుపడిన గినీపిగ్ రక్తం తాగిన పిడుదును ఆరోగ్యంగా ఉన్న ఇంకో గినీపిగ్ మీదికి వదిలాడు. అదీ జబ్బుపడింది. నీళ్ల ప్రమేయమే లేదు. ఈ జ్వరం తెచ్చే సూక్ష్మజీవికి రికెట్సియా అనే పేరు ఆయన నుంచే వచ్చింది. ఆయన 1910లో మెక్సికోలో టైఫస్‌ను పరిశోధిస్తూ అదే జబ్బుతో చనిపోయాడు.

రుజువు దొరికినంత మాత్రాన జనం మారలేదు. పశువులను మందునీళ్లలో ముంచి పిడుదులను చంపడానికి కట్టిన ఒక తొట్టిని డైనమైట్‌తో పేల్చేశారు. 1928లో హామిల్టన్ పట్టణంలో పరిశోధనశాల కట్టినప్పుడు, అందులోని పిడుదులు ఊళ్లోకి పాకుతాయని స్థానికులు భయపడితే భవనం చుట్టూ నీటి కందకం తవ్వాల్సివచ్చింది.

ఈ జాతి జ్వరాలు మన దగ్గరా ఉన్నాయి. కుక్కల మీది పిడుదుల ద్వారా ఇండియన్ టిక్ టైఫస్ వస్తుంది. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని చిగ్గర్ పురుగులు దగ్గరి చుట్టమైన స్క్రబ్ టైఫస్‌ను అంటిస్తాయి. పత్రికలు దాన్ని ఎన్నిసార్లు 'వింత జ్వరం' అని రాసినా, రెండో ప్రపంచయుద్ధంలో అస్సాం, బర్మా సరిహద్దుల్లో సైనికులను పడగొట్టింది అదే. పురుగు కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పుండు పడొచ్చు. చంకలో, గజ్జల్లో, నడుం దగ్గర బట్టల చాటున ఉంటుంది కాబట్టి వెతికితే తప్ప కనబడదు. మచ్చల జ్వరంలో అరచేతుల మీద, అరికాళ్ల మీద కూడా మచ్చలు రావొచ్చు. ఆటలమ్మలోలా అవి నీటిపొక్కులు కావు. సూక్ష్మజీవి సన్నని రక్తనాళాల లోపలి పొరలో చేరి దాన్ని దెబ్బతీస్తుంది. ఆ నాళాల నుంచి రక్తం బయటికి ఊరడంవల్లే మచ్చలు ముదురుతాయి. చర్మం మీద రాసిన పసుపు, వేపాకు అంత లోపలికి చేరవు. పెన్సిలిన్ సూది కూడా ఈ సూక్ష్మజీవిని ఏమీ చేయలేదు.

పనిచేసేది డాక్సీసైక్లిన్. తీవ్రమైన మచ్చల జ్వరాలకు దాన్ని మొదటి ఐదు రోజుల్లోపు మొదలుపెట్టాలి. వేపమండలు కట్టి ఎదురుచూసే పదిరోజుల్లో ఆ గడువు దాటిపోతుంది. ఇది చేరిన టెట్రాసైక్లిన్ కుటుంబపు మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. దాన్ని కనుగొన్నది బెంజమిన్ డగ్గర్. ఆయన పనిచేసిన లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధనలకు నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

నమ్మకం పూజగదిలోనే ఉంటుందనుకోకూడదు. పిల్లల పళ్లకు గారపడుతుందని ఎనిమిదేళ్లలోపువారికి డాక్సీసైక్లిన్ రాయడానికి వెనకాడే డాక్టర్లున్నారు. ఆ భయం పాత టెట్రాసైక్లిన్ల నాటిది. తక్కువ రోజులు వాడిన పిల్లల పళ్లను పరీక్షించి చూస్తే ఆ మరకలు కనబడలేదు. రికెట్సియా అనుమానం ఉంటే ఏ వయసువారికైనా ఇదే మొదటి మందని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతోంది.