మిలటరీ హెలికాప్టర్ నడుపుతానంటే ఏమందాం?

పిల్లల చదువుల గురించి మన తెలుగువాళ్ళు నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే మూడు నాలుగు దారులే వినబడతాయి. ఇంజనీరింగు, మెడిసిను, సి.ఏ., ఈమధ్య కొత్తగా డేటా సైన్సు. నేనూ ఆ దారిలో నడిచి కౌలాలంపూర్ చేరినవాడినే కనుక ఆ దారిని విమర్శించాలని ఈ వ్యాసం రాయడం లేదు. కానీ మన బడిలో ఒకసారి పిల్లల చేత "పెద్దయ్యాక నేను" అన్న విషయం మీద పది వాక్యాలు రాయిస్తే, ఒక విద్యార్థి "నేను మిలటరీ హెలికాప్టర్ పైలట్ అవుతాను" అని రాశాడు. 'హెలికాప్టర్'లో ప కింద ట వత్తు కూడా సరిగ్గానే పెట్టాడు! సాయంత్రం తీసుకువెళ్ళడానికి వచ్చిన పెద్దలకి ఆ కాగితం చూపిస్తే అందరూ నవ్వారు. "ఏదో సినిమా చూసుంటాడు లెండి, నాలుగు రోజుల్లో మర్చిపోతాడు" అన్నారు.

మర్చిపోవచ్చు. మర్చిపోకపోతే? ఈ ప్రశ్న గురించి మనందరం కాస్త ఆలోచించాలని నా మనవి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వయసు వచ్చాక కూడా ఆ పిల్లవాడు అదే మాట మీద ఉంటే దరఖాస్తు పెట్టనివ్వాలి. వద్దనడానికి రాతపరీక్ష ఉంది, సెలెక్షన్ బోర్డు ఉంది, డాక్టర్లు ఉన్నారు. వాళ్ళందరికంటే ముందు మన ఇంటి హాల్లోనే ఆ దరఖాస్తు తిరస్కరించడం న్యాయం కాదు.

మన భయం ఎక్కడిదో నాకు తెలియక కాదు. హెలికాప్టర్ అనగానే తెలుగువాడికి గుర్తొచ్చేవి విషాదాలే. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారిని కైకలూరు దగ్గర పోగొట్టుకున్నాం. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ నల్లమల అడవిలో కూలిపోయింది. అవి సైనిక హెలికాప్టర్లు కావు. సైన్యంలోనూ ప్రమాదాలు లేవని చెప్పలేం. 2023 మార్చి 16న అరుణాచల్ ప్రదేశ్ కొండల్లో ఆర్మీ చీతా హెలికాప్టర్ కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. వారిలో ఒకరు లెఫ్టినెంట్ కల్నల్ వి.వి.బి. రెడ్డి, మన యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం వారు. 2024 ఏప్రిల్ 23న ఇక్కడ లుముట్‌లో, నౌకాదళం కవాతు రిహార్సల్లో రెండు హెలికాప్టర్లు ఢీకొని పదిమంది ప్రాణాలు కోల్పోయారు. ఈ విషయాలు పిల్లల దగ్గర దాచకూడదు. వాటితో పాటు రెండో వైపు కూడా చెప్పాలి.

2014 డిసెంబరులో కెలాంతన్‌లోనూ, తూర్పు తీరమంతటా వరదలు వచ్చి రెండు లక్షల మందికి పైగా ఇళ్ళు వదిలినప్పుడు, రోడ్డు తెగిపోయిన ఊళ్ళకి తిండి తీసుకువెళ్ళింది హెలికాప్టర్లే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు డాబాల మీద ఉన్నవాళ్ళకి ఆహారం పొట్లాలు జారవిడిచింది కూడా వైమానిక దళం, నౌకాదళం హెలికాప్టర్లే. మనలో కొందరి అమ్మానాన్నలు ఆ డాబాల మీదే ఉండి ఉంటారు. ఆ హెలికాప్టర్ నడిపిన మనిషి కూడా ఎవరో ఒక తల్లి కన్న బిడ్డే కదా! అందరి పిల్లలూ వెళ్ళాలి, మన పిల్లలు మాత్రం వెళ్ళకూడదు అనుకోవడం ఎంతవరకు సబబు?

సరే, దరఖాస్తు పెట్టనిద్దాం. ఎక్కడ పెట్టాలి? మనలాంటి ప్రవాస కుటుంబాలకి అసలు చిక్కు ఇక్కడే ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి కంపెనీ వీసా ఇప్పిస్తుంది. సైన్యం ఉద్యోగానికి ఏ కంపెనీ వీసా ఇప్పించదు. నువ్వు ఏ దేశం వాడివి అన్నదే ఫారంలో మొట్టమొదటి ప్రశ్న.

మన బడికి రెండు రకాల కుటుంబాల నుంచి పిల్లలు వస్తున్నారు. తాతముత్తాతలు రబ్బరు, కొబ్బరి తోటల్లో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మలేషియా తెలుగువారి పిల్లలు మొదటివారు. వాళ్ళది మలేషియా పౌరసత్వం, వాళ్ళ దారి ఈ దేశపు సైన్యం. ఎస్.పి.ఎం. మంచి మార్కులతో పాసవ్వాలి. అందులో బహాసా మలాయు, చరిత్ర తప్పితే సర్టిఫికెట్టే రాదు. వైమానిక దళానికి అలోర్ సెటార్‌లో శిక్షణ కళాశాల ఉంది. ఆర్మీకి క్లువాంగ్‌లో సొంత హెలికాప్టర్ల దళం ఉంది. "మనవాళ్ళని తీసుకుంటారా?" అని కొందరు నిట్టూరుస్తారు. ఇక్కడి సైన్యంలో మలాయేతరులు తక్కువన్నది నిజమే, వాళ్ళు ఇంకా రావాలని ప్రభుత్వం పలుమార్లు చెప్పిందన్నదీ నిజమే. కారణాలు ఎన్నయినా ఉండవచ్చు. దరఖాస్తే పెట్టనివాడిని మాత్రం ఎవరూ తీసుకోలేరు.

రెండో రకం మావంటి వాళ్ళ పిల్లలు. ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద వచ్చిన భారతీయులకి ఇక్కడ పిల్లలు పుట్టినా వారికి మలేషియా పౌరసత్వం రాదు. భారత పౌరసత్వమైనా దానంతట అది రాదు. 2004 డిసెంబరు 3 తర్వాత విదేశంలో పుట్టిన బిడ్డ పేరు, పుట్టిన ఏడాదిలోపు మన హైకమిషన్‌లో నమోదు చేయించాలి. అంటే పద్దెనిమిదేళ్ళ తర్వాత వాడు పెట్టబోయే దరఖాస్తుకి మొదటి కాగితం మనం వాడి ఉయ్యాల పక్కన కూర్చుని నింపుతున్నామన్నమాట!

ఇంకో సంగతి. భారతదేశపు నేషనల్ డిఫెన్స్ అకాడమీ నిబంధనల్లో, భారత పౌరులతో పాటు కొన్ని దేశాల నుంచి స్థిరపడడానికి తిరిగి వచ్చిన భారత సంతతి వారికి కూడా అవకాశం ఉంది. ఆ జాబితాలో బర్మా ఉంది, శ్రీలంక ఉంది, కెన్యా, ఉగాండా ఉన్నాయి. మలేషియా లేదు. ఓ.సి.ఐ. కార్డు కూడా దీనికి పనికిరాదు. కాబట్టి ఆస్ట్రేలియాకో కెనడాకో వెళ్ళి పాస్‌పోర్టు మార్చుకుందామని ఆలోచించే కుటుంబాలు, ఇంట్లో ఇలాంటి కోరిక ఉన్న పిల్లవాడుంటే వాడినీ కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. అమెరికాలో ఉన్న మన బంధువుల పిల్లలకీ ఇదే వర్తిస్తుంది. అక్కడి ఆర్మీలో డిగ్రీ లేకపోయినా వారెంట్ ఆఫీసరుగా హెలికాప్టర్ నడపవచ్చు, కానీ గ్రీన్ కార్డు సరిపోదు, పౌరసత్వం ఉండాల్సిందే. మిగతా ఉద్యోగాలకి రెండు పడవల మీద కాళ్ళు పెట్టినా కొంతకాలం గడుస్తుంది. ఈ ఉద్యోగానికి కుదరదు.

ఇక పిల్లలూ, మీతో కొన్ని మాటలు. హెలికాప్టర్ నడపడానికి రెండు చేతులూ రెండు కాళ్ళూ ఒకేసారి పనిచెయ్యాలి. ఎడమచేతిలో ఉండే కలెక్టివ్‌తో పైకీ కిందకీ, కుడిచేతిలోని సైక్లిక్‌తో ముందుకీ వెనక్కీ పక్కలకీ, కాళ్ళ కింది పెడళ్ళతో ముక్కు అటూ ఇటూ తిప్పుతారు. పైన రెక్కలు ఒకవైపు తిరుగుతుంటే కింద శరీరం రెండోవైపు తిరగబోతుంది. న్యూటన్ మూడో సూత్రం మీ పుస్తకంలో ఉంటుంది చూడండి. దాన్ని ఆపడానికే చాలా హెలికాప్టర్లకి తోక దగ్గర చిన్న ఫ్యాను ఉంటుంది. ఒక మీట కదిపితే మిగతా రెండూ సరిచేసుకోవాలి. అందుకే ఒకేచోట గాలిలో నిలబెట్టడం నేర్చుకోవడానికే చాలా రోజులు పడుతుంది. లెక్కలు, ఫిజిక్స్ ఇష్టం లేదంటే ఈ పని కష్టం.

భారతదేశంలో ఎన్.డి.ఏ. పరీక్ష ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ళ వయసుండాలి, వైమానిక దళానికైతే పన్నెండో తరగతిలో లెక్కలు, ఫిజిక్స్ ఉండాలి. వేరే దేశం సిలబస్‌లో చదివేవారు తమ సర్టిఫికెట్ దానికి సమానమేనా అని ముందే కనుక్కోవాలి. పరీక్ష కేంద్రాలన్నీ ఇండియాలోనే. ఫీజు వంద రూపాయలు. రాతపరీక్ష 900 మార్కులకి, ఆ తర్వాత ఐదు రోజుల ఇంటర్వ్యూ మరో 900 మార్కులకి. పైలట్ కావాలంటే కంప్యూటర్ మీద ఇంకో పరీక్ష ఉంది, అది జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు ఉండాలి, కాళ్ళ పొడవు కూడా కొలుస్తారు. రంగులు సరిగ్గా గుర్తించలేని వారిని తీసుకోరు. ఈ చివరిది పదేళ్ళ వయసులోనే కళ్ళ డాక్టరు దగ్గర చూపించుకోవచ్చు. పద్దెనిమిదేళ్ళకి తెలిసి కుమిలిపోవడం కంటే అది మేలు. ఆడపిల్లలూ, ఈ మాటలు మీకు కూడా. 2022 నుంచి ఎన్.డి.ఏ.లో అమ్మాయిలు చేరుతున్నారు. అదే ఏడాది మే నెలలో కెప్టెన్ అభిలాషా బరాక్ భారత ఆర్మీ ఏవియేషన్‌లో మొదటి మహిళా పోరాట పైలట్ అయ్యారు.

ఇంకో నిజం కూడా తెలుసుకోండి. వైమానిక దళంలో చేరినంత మాత్రాన హెలికాప్టరే ఇస్తారని లేదు. హైదరాబాదు పక్కన దుండిగల్‌లో అందరూ మొదట మామూలు విమానం మీద నేర్చుకుంటారు. తర్వాత ఎవరు ఫైటరుకి, ఎవరు రవాణా విమానానికి, ఎవరు హెలికాప్టరుకి అన్నది దళమే నిర్ణయిస్తుంది. హెలికాప్టర్ వచ్చినవాళ్ళు హకీంపేట వెళతారు. సెలవులకి అమ్మమ్మ గారింటికి సికింద్రాబాద్ వెళ్ళినప్పుడు నెత్తి మీద టపటపా చప్పుడు వింటే, నేర్చుకుంటున్న పిల్లలే అయివుండవచ్చు.

"ఇవన్నీ ఎందుకండీ, రేపు కంప్యూటర్లే నడుపుతాయి కదా" అని నా తోటి సాఫ్ట్‌వేర్ మిత్రులు అంటారు. అందులో కొంత నిజముంది. 2022 ఫిబ్రవరిలో అమెరికాలో ఒక బ్లాక్ హాక్ హెలికాప్టర్ లోపల మనిషి లేకుండానే ఎగిరింది. అయితే డాబా మీద ఎవరిని ముందు ఎక్కించాలి, ముసలమ్మనా పసిబిడ్డనా అన్న నిర్ణయం ప్రోగ్రాముకి అప్పజెప్పడానికి, ఇరవై ఏళ్ళుగా ప్రోగ్రాములు రాస్తున్న నాకే మనసొప్పదు. ఒకవేళ కాలం మారినా, ఆ పిల్లవాడు నేర్చుకున్న లెక్కలు, ఫిజిక్స్ ఎక్కడికీ పోవు.

సెలెక్ట్ కాకపోతే? ఎక్కువమంది కారు. దాన్ని ఇంటి పరువుతో ముడిపెట్టకండి. ఆ పరీక్ష కోసం రోజూ పరిగెత్తినవాడు, కళ్ళు కాపాడుకోవాలని ఫోను పక్కన పెట్టినవాడు, నలుగురిలో నిలబడి మాట్లాడడం నేర్చుకున్నవాడు ఆ తర్వాత ఇంజనీరింగులో చేరినా మెరుగైన ఇంజనీరే అవుతాడు. సెలెక్ట్ అయితే అది ఇంకా పెద్ద మాట. ఏళ్ళ తరబడి ఇంటికి దూరంగా, చెప్పిన చోటుకి వెళ్ళే ఉద్యోగం అది. పండగకి వస్తాడో రాడో తెలియదు. దానికి వాడు సిద్ధపడాలి, మనమూ సిద్ధపడాలి.

కాబట్టి తల్లిదండ్రులకి నా విన్నపం ఇదే. ఈసారి మీ అబ్బాయో అమ్మాయో ఇలాంటి మాట అంటే నవ్వి ఊరుకోకండి, "శభాష్" అని మోసెయ్యనూ వద్దు. పాస్‌పోర్టు తీసి చూడండి, కళ్ళు పరీక్ష చేయించండి, లెక్కల పుస్తకం ముందు పెట్టండి, ప్రమాదాల గురించి దాచకుండా చెప్పండి. అప్పటికీ వాడు నడుపుతానంటే, దరఖాస్తు వాడినే నింపనివ్వండి.