విమానం మనవడి కోసమేనా?

మన వైపు అరవై దాటిన దంపతులు విదేశానికి విమానం ఎక్కుతున్నారంటే ఎందుకని ఎవరూ అడగరు. కూతురికో కోడలికో పురుడు, కాకపోతే మనవడి అక్షరాభ్యాసం. పెట్టెలో ఆవకాయ, సున్నుండలు, బాలింత కాయం. ఆరు నెలలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి వచ్చాక ‘ఎలా ఉంది అమెరికా?’ అంటే నయాగరా ఫొటోలు చూపిస్తారు. నయాగరా చూసిన రెండు రోజులూ పోగా, మిగతా రోజులన్నీ పిల్లలు ఆఫీసు నుంచి ఎప్పుడొస్తారా అని గడియారం చూస్తూ గడిపామన్న సంగతి మాత్రం పైకి చెప్పరు.

వెళ్లొద్దని నేననను. పురుడు పోయాలి, మనవణ్ణి ఎత్తుకోవాలి. నేననేదల్లా ఒకటే. దేశం కాని దేశంలో మనకున్నది పిల్లలు మాత్రమే కాదు, మనతో చదువుకున్నవాళ్లు, మనతో తిరిగినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల కోసం కూడా విమానం ఎక్కవచ్చు. ఎక్కాలి.

ఈ మాట మన సమాజానికి ఎంత కొత్తో రాజమండ్రిలో వీసా ఫారాలు నింపే కుర్రాడి దగ్గర తెలిసింది. ‘లండన్‌లో ఎవరున్నారు సార్? అబ్బాయా, అమ్మాయా?’ అన్నాడు. నాతో చదువుకున్నవాడన్నాను. ‘అంటే, బంధువులా?’ కాదన్నాను. ‘ఏదన్నా పని మీదా?’ అదీ కాదన్నాను. ‘మరి అక్కడ ఏం చూస్తారు సార్? ఫారంలో రాయాలి’ అన్నాడు. ‘వాణ్ణే’ అన్నాను. నా మొహం ఒకసారి చూసి, టూరిజం అని కొట్టేశాడు.

వాడూ నేనూ ధవళేశ్వరం హైస్కూల్లో ఒకే బెంచీ. వాడు కాకినాడలో మెడిసిన్ చదివి ఎనభైల్లో ఇంగ్లండ్ వెళ్లి, వెంబ్లీలో ఇల్లు కొనుక్కుని, అక్కడే డాక్టరుగా రిటైరయ్యాడు. నేను ఇరిగేషన్‌లో చేరి, గోదావరి డెల్టా కాలువ గట్ల మీద తిరిగి తిరిగి డీఈగా రిటైరయ్యాను.

‘వాడే ఇండియా వస్తుంటాడుగా, కలుస్తూనే ఉంటావుగా’ అన్నారు చాలామంది. ఇక్కడే మనం పొరబడేది. ఎన్నారై ఇండియా వచ్చినప్పుడు వాణ్ణి ఎవరూ కలవలేరు. ఉన్న మూడు వారాల్లో రెండు పెళ్లిళ్లు, ఒక గృహప్రవేశం, బ్యాంకులో కేవైసీ, పొలం పాస్ పుస్తకంలో పేరు తప్పు, అద్దెకిచ్చిన ఫ్లాటులో కారుతున్న కుళాయి, పళ్ల డాక్టరు, ఆపై తిరుపతి. ఇంటికి వెళ్తే హాల్లో బంధువులు వరసగా కూర్చుని ఉంటారు. మన వంతు వచ్చేసరికి ‘ఒరేయ్, ఎలా ఉన్నావురా’ అనడానికి పావుగంట. అందులో పది నిమిషాలు ఫోన్లు. వాణ్ణి వాడిగా చూడాలంటే, వాడికి ఏ పనీ లేని చోటికి, అంటే వాడి ఇంటికే వెళ్లాలి. మా ఆవిణ్ణీ రమ్మన్నాను. ‘మీ ఇద్దరి చిన్నప్పటి కబుర్లు వినడానికి అంత దూరం నేను రాలేను’ అని హైదరాబాద్‌లో అమ్మాయి దగ్గరికి వెళ్లింది.

మే నెలలో వెళ్లాను. సర్వీసులో ఉన్నన్నాళ్లూ మే అంటే కాలువలు కట్టేసి, పూడిక తీయించి, లాకులకి మరమ్మతులు చేయించే నెల. ఆ నెలలో సెలవు అడిగే ధైర్యం మాలో ఎవరికీ ఉండేది కాదు. లండన్‌లో అదే నెలలో రాత్రి ఎనిమిదిన్నరకి కూడా ఎండ ఉంటుంది. ఇద్దరు ముసలివాళ్లు తిరగడానికి అంతకంటే మంచి కాలం లేదు.

మొదటి రోజే ఒక సంగతి బయటపడింది. అన్నేళ్లు ఉన్నాడన్న మాటే గానీ ఆ ఊరు వాడికీ పెద్దగా తెలియదు. ఇల్లు, ఆస్పత్రి, మధ్యలో రోడ్డు, ఆదివారం కూరగాయలు. ఇండియా నుంచి ఎవరైనా వస్తే బిగ్ బెన్, టవర్ బ్రిడ్జి దగ్గర దింపి, కారు పార్కింగ్ దొరక్క చుట్టూ తిరగడం. ‘వాటిని చూసి చూసి విసుగొచ్చిందిరా’ అన్నాడు. అయితే అవి వద్దు, మనిద్దరికీ పనికొచ్చేవే చూద్దాం అన్నాను.

కారు ఇంట్లోనే ఉంచేశాం. అరవై ఆరు దాటిన లండన్‌వాళ్లకి పాస్ మీద బస్సులూ మెట్రో ఉచితం. పనిదినాల్లో ఆ పాస్ ఉదయం తొమ్మిది తర్వాతే చెల్లుతుంది గనుక, తొమ్మిదింటికి టిఫిన్ ముగించి బయల్దేరేవాళ్లం. నేను బ్యాంకు కార్డు తాకించి పౌను ముప్పావు కట్టేవాణ్ణి. గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ కట్టక్కర్లేదు. సడ్‌బరీ నుంచి యూస్టన్ వెళ్లే 18వ నంబరు రెండంతస్తుల బస్సు, పైన ముందు సీటు. హారో రోడ్డు మీద కెన్సల్ గ్రీన్ శ్మశానం గోడ పక్కగా వెళ్తుండగా, ‘సి.పి.బ్రౌన్ సమాధి ఈ లోపలే ఉందిరా’ అన్నాను. తెలుగు నిఘంటువు చేసిన బ్రౌన్, వేమన పద్యాలు అచ్చేయించిన బ్రౌన్, 1884లో ఈ లండన్‌లోనే పోయాడని చెబితే వాడు గభాల్న లేచి బెల్లు నొక్కాడు. ‘ఇన్నేళ్లుగా ఈ దారినే పోతున్నాను కదరా’ అని నన్నే కసిరాడు. 72 ఎకరాల శ్మశానం అది. ఆ పూట ఇంకెక్కడికీ వెళ్లలేదు.

మర్నాడు బ్రిటిష్ మ్యూజియం. లోపలికి టికెట్ లేదు. జనమంతా ఈజిప్టు మమ్మీల వైపు పోతుంటే మేం 33ఎ గదికి వెళ్లాం. అద్దాల వెనక అమరావతి స్తూపం రాళ్లు. 1797లో కోలిన్ మెకంజీ మొదట ఆ దిబ్బని చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. 1859లో అవి ఓడెక్కి లండన్ చేరాయి. పల్నాటి సున్నపురాయి మీద విచ్చుకున్న తామరలు, చక్రాలు చెక్కిన బుద్ధపాదాలు, ఒక పలక మీదైతే స్తూపం స్తూపమంతా.

అక్కడ మాకిద్దరికీ గొడవైంది. మన రాళ్లు మనకి ఇచ్చేయాలని నేను. ‘ఇస్తే ఎక్కడ పెడతావు? అప్పట్లో ఇళ్లకీ గుళ్లకీ రాయి కావాలని ఆ దిబ్బని తవ్వింది మనవాళ్లే, కొన్నిటిని కాల్చి సున్నం చేసిందీ మనవాళ్లే’ అని వాడు. అమరావతిలోనూ మ్యూజియం ఉందన్నాను. అందులోకి నువ్వు ఆఖరిసారి ఎప్పుడెళ్లావన్నాడు. 1963 నాటి చట్టం ఒకటి ఉందని, మ్యూజియంవాళ్లు ఇద్దామనుకున్నా మామూలుగా కుదరదని వాడే చెప్పాడు. చట్టం మనుషులు చేసిందేగా, మార్చమను అన్నాను. కాపలా ఆవిడ మా వైపు చూసేదాకా మా గొంతులు ఎంత లేచాయో మాకే తెలియలేదు.

స్నేహితుడితో చూడడానికీ పిల్లలతో చూడడానికీ తేడా ఇదే. పిల్లల వెంట వెళ్తే మనం భద్రంగా చేర్చాల్సిన సామానులాంటివాళ్లం. ‘నాన్నా, ఇక్కడ కూర్చోండి, టికెట్ తెస్తా. జాగ్రత్త, మెట్లున్నాయి. ఇక్కడ నిలబడండి, ఫొటో.’ అదంతా ప్రేమే, కాదనను. కానీ ఆ ప్రేమలో వాదనకి చోటుండదు. స్నేహితుడికి మన మోకాళ్లు గుర్తుండవు, వాడివీ అలాగే ఉన్నాయి గనుక. వాడు మనల్ని ఎదిరిస్తాడు, వెక్కిరిస్తాడు, తప్పు దారి పట్టించి పైగా మనల్నే తిడతాడు. అరవై దాటాక మనతో అలా మాట్లాడేవాళ్లు ఎంతమంది మిగులుతారు?

డార్కింగ్ ప్రయాణం మాత్రం మొదటి నుంచీ నా మనసులో ఉన్నదే. లండన్‌కి దక్షిణంగా సర్రే కౌంటీలో చిన్న ఊరు. విక్టోరియా నుంచీ, వాటర్లూ నుంచీ రైళ్లున్నాయి. లండన్ దాటాం గనుక వాడి పాస్ అక్కడ చెల్లదు. నాతోపాటు టికెట్ కొనాల్సి వచ్చినందుకు దారంతా గొణిగాడు. గోదావరికి ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ 1899లో, 96 ఏళ్ల వయసులో ఆ ఊళ్లోనే పోయాడు. రైళ్ల కంటే కాలువలే మేలని జీవితమంతా వాదించిన మనిషి సమాధికి మేం రైల్లో వెళ్లాం.

స్టేషన్ నుంచి నడుస్తుంటే రోడ్లు కలిసే చోట, రౌండు మధ్యలో, పది అడుగుల లోహపు కోడిపుంజు. డార్కింగ్ అనే కోడి జాతి ఆ ఊరిదే. మామూలు కోడికి కాలికి నాలుగు వేళ్లుంటే దీనికి ఐదు. పండగలకీ పబ్బాలకీ ఊరివాళ్లు ఆ విగ్రహానికి టోపీలు, మఫ్లర్లు తొడుగుతారట. మావాడు రోడ్డు దాటకుండా ఆగిపోయాడు. దాన్ని ఎగాదిగా చూసి, ‘ఇది డేగంటావా, కాకంటావా?’ అన్నాడు. ఐదో వేలు ఉన్న పుంజుని మన బరిలో దింపనిస్తారా అని అక్కడే పది నిమిషాలు చర్చ. కుక్కని నడిపించుకుంటూ పోతున్న ఒక పెద్దాయన మేం దారి తప్పామనుకుని సాయం చేయనా అని అడిగాడు. సంక్రాంతి, భీమవరం, కత్తులు, ఇవన్నీ ఆయనకి ఇంగ్లీషులో చెప్పే బాధ్యత మావాడే తీసుకున్నాడు. ఆయన కుక్కని దగ్గరికి లాక్కుని వెళ్లిపోయాడు.

అక్కడికి కాస్త దూరంలోనే, రైగేట్ రోడ్డు మీద శ్మశానం. మన ఊళ్ల కూడళ్లలో కాటన్ దొర గుర్రమెక్కి ఉంటాడు. పుట్టినరోజైన మే 15న దండలు పడతాయి. ఇక్కడ చెట్ల మధ్య, అందరి సమాధుల్లోనూ ఒకటి. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట లేపి, పది లక్షల ఎకరాల డెల్టాకి దారి వేసిన మనిషి. నేను జీతం తీసుకున్నన్నాళ్లూ ఆయన గీసిన గీతల మీదే పనిచేశాను. చేతులు జోడించాను.

మావాడు జోడించలేదు. ‘మా నాన్న ఈయన్ని దేవుడనేవాడు, మీ డిపార్ట్‌మెంటుని మాత్రం రోజూ తిట్టేవాడు’ అన్నాడు. వాళ్లది కాలువ శివారు పొలం. పైవాళ్లు తోడుకోగా మిగిలితేనే వాళ్ల బోదెకి నీళ్లు. లస్కరు కాళ్లావేళ్లా పడి రాత్రి వంతు సంపాదించి, లాంతరు పట్టుకుని గట్టు మీద కూర్చునేవాడట వాళ్ల నాన్న. రెండు సార్వాలు వరసగా ఎండిపోయాకే ‘ఈ పొలం నిన్ను పోషించదు, చదువుకో’ అన్నాడట. బెంచీ పంచుకున్న రోజుల్లో ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. ‘మీవాళ్లు మా బోదెకి నీళ్లిచ్చి ఉంటే నేనీ దేశం వచ్చేవాణ్ణే కాదురా’ అన్నాడు. శివారుకి నీళ్లెందుకు చేరవో, షట్టర్లు, పూడిక, దొంగ తూములు, అన్నీ వివరించబోయాను. ‘కాటన్‌కి చెప్పుకో’ అన్నాడు.

ఈ సంభాషణ ఫోన్లో జరగదు. వాట్సాప్ వీడియోలో ఆరోగ్యం, వాతావరణం, పిల్లల ఉద్యోగాలు దాటి మాట ముందుకి పోదు. ఇద్దరూ కలిసి నడిచి, అలసి, ఏదో ఒక దాని ముందు నిలబడితేనే పాతవి పైకి తేలుతాయి. చూడదగ్గ చోట్ల అసలు ప్రయోజనం నా లెక్కలో అదే.

ఇక అభ్యంతరాలు. ఖర్చు నిజమే. కానీ బస అక్కర్లేదు, బస్సులు చవక, మ్యూజియం ఉచితం. విమానం టికెట్టే అసలు ఖర్చు. రెండోది, ఆతిథ్యం ఇచ్చేవాళ్లకి బరువు. ఇది ఇంకా నిజం, పైగా ఆ బరువు పడేది స్నేహితుడి మీద కాదు, ఆయన భార్య మీద. ‘అన్నయ్యగారూ, మధ్యాహ్నం ఏం చేయమంటారు?’ అని ఆవిడ అడిగేదాకా ఆగకుండా, ‘మధ్యాహ్నం భోజనం బయటే అమ్మా’ అని ముందే చెప్పేయాలి. గిన్నెలు మనమే కడగాలి. స్నేహితుణ్ణి డ్రైవరు చేయకూడదు. తాగిన ప్రతి కాఫీనీ రూపాయల్లోకి మార్చి వినిపించకూడదు. వారం పది రోజులు చాలు, మోజు తీరకముందే బయల్దేరాలి. ఇవి పాటిస్తే ఏ ఇల్లూ విసుక్కోదు.

మూడో అభ్యంతరం ఎవరూ పైకి అనరు. స్నేహితుడి కోసం లక్షలు పోయడం సోకు అని. ఈ మాట అనుకునేవాళ్లే షష్టిపూర్తికి ఏసీ హాలు, డెకరేషన్, వీడియో, ఇరవై రకాల వంటలు పెట్టి, మొహం తెలియనివాళ్ల చేత కూడా అక్షింతలు వేయించుకుంటారు. ఆ ఖర్చులో సగం చాలు ఇద్దరు స్నేహితులు కలవడానికి. తల్లిదండ్రులకి ఏం చేయాలా అని ఆలోచించే పిల్లలకి నా సలహా: హాలు బుక్ చేసే ముందు ‘నాన్నా, నీతో చదువుకున్నవాళ్లు ఎవరెక్కడున్నారు?’ అని అడగండి. అంతకంటే ముందు అమ్మని అడగండి. మగవాడి స్నేహం ఉద్యోగంతో దూరమైతే, ఆడవాళ్ల స్నేహం పెళ్లితోనే ఊరు మారిపోయి ఉంటుంది. కబుర్లు వినడానికి రానన్న మా ఆవిడకి ఇంటర్‌లో ప్రాణస్నేహితురాలు ఉంది, ఇప్పుడు మెల్‌బోర్న్‌లో ఉంటోంది. ఈసారి టికెట్ ఆవిడకి. నేను ఇంట్లో ఉండి మొక్కలకి నీళ్లు పోస్తాను.