ఆ హెయిర్‌పిన్ మలుపులో మీకో ఇంటర్వ్యూ ప్రశ్న ఉంది

2023 ఫిబ్రవరి 11 గుర్తుందా? హుస్సేన్‌సాగర్ ఒడ్డున దేశంలోనే తొలి ఫార్ములా-ఈ రేసు. చూసినవాళ్ల కంటే ట్రాఫిక్ మళ్లింపులను తిట్టుకున్నవాళ్లే ఎక్కువేమో! జీన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నాకు మాత్రం గెలవని రెండు జాగ్వార్ కార్లే గుర్తున్నాయి. హెయిర్‌పిన్ దగ్గర శామ్ బర్డ్ కారు అదుపు తప్పి, పోల్ పొజిషన్‌లో రేసు మొదలుపెట్టిన సొంత టీమ్‌మేట్ మిచ్ ఎవాన్స్‌నే గుద్దింది. ఇద్దరూ అవుట్.

డ్రైవర్ తప్పేనని వదిలేయకండి. టైరుకు ఉండే పట్టు పరిమితం. బ్రేకుకైనా, మలుపుకైనా అందులోంచే ఇవ్వాలి. అంతా బ్రేకుకే పోతే చక్రం లాక్ అవుతుంది. ఇక స్టీరింగ్ ఎంత తిప్పినా కారు వెళ్తున్న వైపే జారిపోతుంది. వేగం రెట్టింపైతే అదే మలుపుకు నాలుగు రెట్ల పట్టు కావాలి. పైగా ఆ ఫార్ములా-ఈ కార్లకు వెనక చక్రాల్లో మామూలు హైడ్రాలిక్ బ్రేకులు లేవు. మోటారే కరెంటు తయారుచేస్తూ వేగం తగ్గిస్తుంది. అంటే బ్రేకు వెనకా సాఫ్ట్‌వేరే ఉంది.

మన రోడ్డు కార్లలో ఈఎస్‌సీ చేసేదీ ఇలాంటి పనే. మీరు స్టీరింగ్ ఎంత తిప్పారు, కారు నిజంగా ఎంత తిరిగింది అని పోల్చి, తేడా వస్తే అవసరమైన చక్రానికి మాత్రం బ్రేకు వేస్తుంది. 1997లో స్వీడన్‌లో ఓ పత్రిక చేసిన టెస్టులో మెర్సిడెస్ ఏ-క్లాస్ పల్టీ కొట్టాక కంపెనీ ఆ మోడల్ అంతటికీ దీన్ని తప్పనిసరిగా అమర్చింది.

ఇలాంటి పని జర్మనీలోనే దొరుకుతుందనుకోకండి. జెడ్‌ఎఫ్, హ్యుందాయ్ ఇంజినీరింగ్ సెంటర్లు మన ఐటీ కారిడార్‌లోనే ఉన్నాయి. అయినా అమీర్‌పేట బోర్డుల్లో మనకు కనిపించేది ఫుల్ స్టాక్ ఒక్కటే. అది నేర్చుకోవద్దని అనను, ఖాళీలు అక్కడే ఎక్కువ. కానీ దాని కోసం మెకానికల్, ట్రిపుల్ఈ వాళ్లు నాలుగేళ్ల చదువును అటక మీద పెట్టేయడమే నాకు నచ్చదు.

నేనూ అదే చేశాను లెండి. ఒక ఇంటర్వ్యూలో ఏబీఎస్ అంటే ఏంటని అడిగితే ఠక్కున ఫుల్ ఫామ్ చెప్పాను. "సరే, అది ఉంటే స్టీరింగ్ ఎందుకు పనిచేస్తుంది?" అన్నారు. నోరు పెగల్లేదు. రెజ్యూమెలో మాత్రం కంట్రోల్ సిస్టమ్స్ అని దర్జాగా రాసుకున్నాను.

ఫైనలియర్ ప్రాజెక్టుకు మరో అటెండెన్స్ యాప్ వద్దు. చిన్న బొమ్మ కారు చక్రాలకు స్పీడ్ సెన్సర్లు పెట్టండి. తడి టైల్స్ మీద బ్రేకు వేసి, చక్రం ఎప్పుడు లాక్ అయిందో గ్రాఫ్ తీయండి. తర్వాత సీలో నాలుగు లైన్లు రాసి, ఆ లాక్‌ను మీరే విడిపించండి. ఆ రెండు గ్రాఫుల ప్రింట్లూ ఇంటర్వ్యూకి పట్టుకెళ్లండి.