మంగళం అయ్యాకే లేవండి

పాటకు ఎత్తుగడ ఎంత ముఖ్యమో ముగింపూ అంతే. నన్నడిగితే ముగింపే ఒక పిసరు ఎక్కువ. 1967లో బీటిల్స్ ‘ఎ డే ఇన్ ది లైఫ్’ పాటను ముగించిన తీరు చూడండి. కొన్ని పియానోల మీద ఇ మేజర్ కార్డ్‌ను ఒక్కసారిగా మోగించి, ఆ నాదం ఆరిపోయేదాకా దాదాపు 40 సెకన్లు రికార్డు చేశారు. అది సన్నగిల్లేకొద్దీ ఇంజినీరు స్థాయి పెంచుతూ పోయాడు. చెవి ఒగ్గి వింటే చివర్లో ఓ కుర్చీ కిర్రుమనడం కూడా తెలుస్తుంది. 1968 నాటి ‘హే జూడ్’లోనైతే, ఏడు నిమిషాల పాటలో సగానికి పైగా ముగింపే! అంతటి ముగింపు మనకూ ఉంది, కర్ణాటక కచేరీలో. రాజపాళయం రాజులకైతే అది మరీ దగ్గరిది. వాళ్లు తరతరాలుగా తమిళసీమలో బతుకుతూ ఇంట్లో తెలుగు నిలుపుకున్నవాళ్లు. వాళ్ల చుట్టూ ఉన్న ఆ తమిళసీమలోనే, కచేరీ ముగిసేది సాధారణంగా సౌరాష్ట్ర రాగంలో త్యాగరాజు తెలుగు మంగళంతో. ఆలాపన, స్వరకల్పన, తని ఆవర్తనం, తుక్కడాలు అన్నీ అయ్యాక విద్వత్ ప్రదర్శన పక్కన పెట్టి, గాయకుడూ వయొలినూ మృదంగమూ ఒద్దికగా కలిసి చేసే నమస్కారం అది. సరిగ్గా అప్పుడే సగం సభ చెప్పులు వెతుక్కుంటూ ఉంటుంది. ఆఖరి బస్సు తొందర ఉన్నవాళ్లను ఏమీ అనను. తక్కినవాళ్లు దయచేసి కూర్చోండి. రాజపాళయం తల్లిదండ్రులారా, పిల్లలకు ఆ మంగళం నేర్పించండి. అది మీ ఇంటి భాషలోనే ఉంది.