తెరపై తరగతి.. అందింది కొందరికే!
కరోనా కాలపు ఆన్‌లైన్ చదువులపై డిగ్రీ విద్యార్థుల్లో భిన్నాభిప్రాయాలు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం:
కరోనా కట్టడికి 2020 మార్చిలో కళాశాలలు మూతపడగానే పాఠం సెల్‌ఫోన్ తెరపైకి చేరింది. అప్పట్లో అనంతపురం జిల్లాలోను, 2022 ఏప్రిల్ నుంచి శ్రీసత్యసాయి జిల్లాలోను ఉన్న ఈ మూడు పట్టణాల్లోని సాధారణ డిగ్రీ కళాశాలలు శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం పరిధిలోనివే. విశ్వవిద్యాలయం ఒక్కటే అయినా, పాఠం ఇంటికి చేరిన తీరు మాత్రం ఒక్కటి కాలేదు. ఆన్‌లైన్ బోధనపై విద్యార్థుల మాట రెండు విధాలుగా ఉండటానికి కారణం ఇదే.

మగ్గం పక్కనే పాఠం
ధర్మవరం పట్టుచీరలకు పెట్టింది పేరు. నేత కార్మికుల ఇళ్లు అనేకం మగ్గం గదులే. ఆ చప్పుడు నడుమ అధ్యాపకుని మాట వినడమే కష్టం. పెళ్లిళ్లు వాయిదా పడి చీరల అమ్మకాలు కుదేలైన వేళ కొత్త ఫోను, నెలనెలా రీఛార్జి అదనపు భారమయ్యాయి. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్‌పై అక్క డిగ్రీ పాఠం, తమ్ముడి బడి పాఠం ఒకే వేళకు వస్తే ఎవరో ఒకరు వదులుకోవాల్సిందే. పెనుకొండ చుట్టుపక్కల కొండల నడుమ పల్లెల విద్యార్థులకు సిగ్నలే సమస్య. హిందూపురం పట్టణంలో ఇంటర్నెట్ కనెక్షన్ ఉన్న ఇంటి విద్యార్థికి మాత్రం ఈ ఇక్కట్లు తప్పాయి.

కరోనాకు ముందే ఈ అంతరం లెక్కలకు ఎక్కింది. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో ఇంటర్నెట్ సౌకర్యమున్న కుటుంబాలు పట్టణాల్లో 42 శాతం కాగా, గ్రామాల్లో 14.9 శాతమే. కంప్యూటర్ ఉన్న గ్రామీణ కుటుంబాలు 4.4 శాతం.

మేలూ లేకపోలేదు
రికార్డు చేసిన పాఠాన్ని మళ్లీ వినే వీలు, బస్సు ఛార్జీల ఆదా విద్యార్థులు మెచ్చిన అంశాలు. అయితే సందేహం అడిగే చొరవ తెర ముందు తగ్గింది. సైన్సు విద్యార్థులకు ప్రయోగశాల దూరమైంది. లింకు తెరిస్తే హాజరు పడింది గానీ, పాఠం అర్థమైందో లేదో తేలలేదు. ఇంతలో చివరి సంవత్సరం పరీక్షలను 2020 సెప్టెంబరు నెలాఖరులోగా ముగించాలని యూజీసీ జులై 6న ఆదేశించగా, సుప్రీంకోర్టు ఆగస్టు 28న దాన్ని సమర్థించింది. అవసరమైతే గడువు పెంపు కోరే అవకాశం రాష్ట్రాలకు ఇచ్చింది. పాఠం సరిగా అందనివారూ అదే పరీక్షకు సిద్ధం కావాల్సి వచ్చింది.

పాఠం నేర్వాల్సింది ఎవరు?
తరగతి గదులు తెరుచుకున్నా ఈ చర్చ ముగియలేదు. ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం వరకు ‘స్వయం’ వేదిక ద్వారా ఆన్‌లైన్‌లో చదివి క్రెడిట్లు పొందేందుకు యూజీసీ 2021 నిబంధనలు వీలు కల్పించాయి. దేశంలోని పేరున్న అధ్యాపకుల పాఠాలు పల్లె విద్యార్థికి అందడం మంచిదే. కానీ ఫోను, డేటా, ప్రశాంతమైన చోటు సమకూర్చుకునే భారాన్ని మళ్లీ ఇంటిపైనే మోపితే 2020 నాటి అంతరమే పునరావృతమవుతుంది. కళాశాల కంప్యూటర్ గదిని, గ్రంథాలయాన్ని సాయంత్రం వరకు తెరిచి ఉంచడం, తక్కువ డేటాతో దిగుమతి చేసుకునేలా పాఠాలివ్వడం, సందేహాలకు వారంలో ఒక గంట ప్రత్యక్ష బోధన కేటాయించడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. ఆన్‌లైన్ చదువు తరగతికి తోడు కావాలే తప్ప ప్రత్యామ్నాయం కారాదన్నదే విద్యార్థుల అనుభవం చెబుతున్న మాట.